డ్యూటీ దిగాక డెర్, డీ, డాస్

‘‘ఈ నైట్ డ్యూటీలు అయిపోనివ్వండి మేడమ్, మార్నింగ్ షిఫ్ట్ పడగానే గట్టిగా కూర్చుంటాను.’’ జర్మనీ వెళ్లాలని జర్మన్ భాష మొదలుపెట్టిన నర్సుల నోట తరచూ వినపడే మాట ఇది. మార్నింగ్ షిఫ్ట్ పడుతుంది. ఆ వారమే ఇంటికి చుట్టాలొస్తారు, లేదంటే పిల్లాడికి జ్వరం తగులుతుంది. వార్డులో ఇద్దరు సెలవు పెడితే డబుల్ డ్యూటీ మీద పడుతుంది. పుస్తకం బ్యాగులోంచి బయటికి రాదు. తొలి స్థాయి ఏ1 పాసైన ఉత్సాహంతో తర్వాతి స్థాయి ఏ2లో చేరి, అక్కడే సగంలో ఆగిపోయి, నెలలు గడిచేకొద్దీ ఆ ఊసెత్తడానికే మొహమాటపడేవాళ్లు మన ఆసుపత్రుల్లో, హాస్టళ్లలో తక్కువేం లేరు.

వీళ్లను బద్ధకస్తులంటే నేను ఒప్పుకోను. ఐసీయూలో పన్నెండు గంటలు నిలబడి, గంటగంటకూ చార్టు రాసి, చివర్లో హ్యాండోవర్ కూడా తప్పుల్లేకుండా ఇచ్చి బయటపడే మనిషికి బద్ధకం ఎక్కడిది? అదే మనిషి అరగంట జర్మన్ దగ్గరికొచ్చేసరికి రేపు, ఎల్లుండి అంటోందంటే కారణం ఇంకెక్కడో ఉంది. దాన్ని పట్టుకోకుండా ‘రోజూ తెల్లవారుజామున లేవండి, పట్టుదల పెంచుకోండి’ అని చెప్పడం దండగ.

నా ఉద్దేశంలో కారణం ఇది. వార్డులో మీ మాటకు విలువ ఉంది. జూనియర్లు మిమ్మల్ని అడిగి చేస్తారు, డాక్టరు మీరు చెప్పింది వింటారు, పేషెంట్ తాలూకు మనుషులు ‘సిస్టర్, సిస్టర్’ అంటూ వెంటపడతారు. క్లాసులో కూర్చోగానే అదంతా పోతుంది. పేరు, ఊరు, వయసు చెప్పడానికి తడుముకోవాలి. పక్కన ఇంటర్ అయిపోయిన కుర్రవాడు టకటకా చెప్పేస్తుంటాడు. పదేళ్ల సర్వీసున్న మనిషికి అందరి ముందూ చంటిపిల్లలా మాట్లాడాల్సి రావడం చిన్న విషయం కాదు. మనం వాయిదా వేస్తున్నది చదువునని అనుకుంటాం గానీ, అసలు వాయిదా వేస్తున్నది ఆ నలుగురిలో తప్పు మాట్లాడే క్షణాన్ని.

ఇది నా ఊహ మాత్రమే కాదు. పరభాష నేర్చుకునేవాళ్లలో ప్రత్యేకంగా కనిపించే ఈ బెరుకును ఎలేన్ హోర్విట్జ్, ఆమె సహచరులు 1986లోనే కొలమానం తయారుచేసి మరీ పరిశీలించారు. బాగా తెలివైనవాళ్లు, ఇతర విషయాల్లో ధైర్యంగా ఉండేవాళ్లు కూడా పరభాషలో నోరు విప్పాల్సి వచ్చేసరికి బిగుసుకుపోతారని వాళ్లు చూపించారు. వాయిదా అలవాటు మీద ఏళ్ల తరబడి పనిచేసిన టిమోతీ పిచిల్, ఫ్యూషియా సిరోయిస్ 2013లో చెప్పింది కూడా ఇటువంటిదే. వాయిదా వేసేవాడు సమయాన్ని సర్దుకోలేక వేయడు, ఆ పని తలచుకోగానే పుట్టే చేదు భావం నుంచి ఈ పూటకు తప్పించుకోవడానికి వేస్తాడు. తప్పించుకోగానే ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయే అలవాటును పెంచుతుంది.

కాబట్టి టైమ్‌టేబుల్ గీసుకునే ముందు ఒక్కసారి నిదానంగా చూసుకోండి. మీరు ఏ పనిని తప్పించుకుంటున్నారు? చాలామందికి వ్యాకరణం పుస్తకం తెరవడం కష్టం కాదు. కొత్త నోటుబుక్కు కొని, నామవాచకాల ముందొచ్చే డెర్, డీ, డాస్‌ల పట్టికలు రంగు పెన్నులతో గీయడం కూడా కష్టం కాదు. పీడీఎఫ్‌లు దించుకోవడం, టెలిగ్రామ్ గ్రూపుల్లో చేరడం, ‘ఆరు నెలల్లో బీ2’ అనే వీడియోలు చూడటం, యాప్‌లో రోజూ రెండు నిమిషాలు నొక్కి వరస తెగకుండా కాపాడుకోవడం, ఇవన్నీ చదువుకుంటున్నట్టే అనిపిస్తాయి. వీటిలో ఎక్కడా నోరు తెరవక్కర్లేదు, ఎవరూ వినరు, తప్పు బయటపడదు. చదువులా కనిపించే ఈ వాయిదాయే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే ఇందులో మనల్ని మనం నిందించుకునే అవకాశం కూడా ఉండదు. ఒక వారం మొత్తంలో మీ నోటి నుంచి ఎన్ని జర్మన్ వాక్యాలు వచ్చాయో లెక్క వేయండి. లెక్క సున్నా అయితే ఎన్ని పేజీలు నింపినా ఆ వారం వాయిదాలోకే పోయింది.

ఇక ముందున్న దారి ఎంత పొడవో దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు కావాలంటే సాధారణంగా ఏ1, ఏ2, బీ1 దాటాక వచ్చే బీ2 స్థాయి అడుగుతారు. బీ1తో వెళ్లి, మిగతాది అక్కడే పూర్తి చేసుకునే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. సున్నా నుంచి బీ2 చేరడానికి సుమారు 600 నుంచి 800 పాఠాలు పడతాయని జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథె సంస్థ అంచనా. ఒక్కో పాఠం 45 నిమిషాలు. అంటే 450 నుంచి 600 గంటలు. రోజుకు అరగంట చొప్పున చేస్తే రెండున్నరేళ్ల నుంచి మూడేళ్ల పైమాటే. క్లాసుతో కలిపి రోజుకు రెండు గంటలు పెట్టగలిగితే 225 నుంచి 300 రోజులు. రెండు నెలల్లో బీ1 చేయిస్తామని చెప్పే కన్సల్టెన్సీకి డబ్బు కట్టే ముందు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి. అక్కడ పోయేది డబ్బు ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. రెండు నెలల్లో రాకపోయేసరికి ‘నాకు భాషలు అబ్బవు’ అని మనసు విరిగిపోతుంది, అది మాత్రం మళ్లీ అతకడం కష్టం. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ వెళ్లే నర్సులకు భాషా శిక్షణ ఇప్పిస్తోంది, హైదరాబాద్‌లో గోథె సెంటర్ ఉంది. అలాంటి చోట ముందు విచారించుకోవడం మంచిది.

మరి రోజుకు ఆ రెండు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? షిఫ్టులు మారే మనిషికి ‘రోజూ ఉదయం ఆరింటికి’ అనే నియమం పనికిరాదు. వారం తిరిగేసరికి ఆరింటికి మీరు వార్డులో ఉంటారు, నియమం విరిగిపోతుంది, దాంతోపాటు ఉత్సాహం కూడా. గడియారానికి కట్టకుండా, ఏ షిఫ్టులోనైనా తప్పకుండా జరిగే పనికి కట్టాలి. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్సర్ దీని మీద చాలా పరిశోధన చేశారు. ‘చదవాలి’ అనే సంకల్పం కంటే ‘ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను’ అని ముందే ముడివేసుకున్నవాళ్లు పని పూర్తి చేయడం ఎక్కువని ఆయన, ఆయన తర్వాతివాళ్లు చూపించారు. నర్సుకు అలాంటి ముడులు వేసుకోవడానికి డ్యూటీలోనే బోలెడు చోట్లున్నాయి. హ్యాండోవర్ ఇచ్చి లాకర్ తాళం తీయగానే, ఆసుపత్రి బస్సు ఎక్కి కూర్చోగానే, యూనిఫాం మార్చుకుని టీ పొయ్యి మీద పెట్టగానే. ఈ మూడూ మార్నింగ్‌లోనూ నైట్‌లోనూ ఉంటాయి. ఒక్కోదానికి ఒక్క పని తగిలించండి, అంతే. బస్సులో వినడం, టీ కాగేలోపు పాత పదాలు, లాకర్ దగ్గర రెండు నిమిషాలు మాట్లాడటం. వీటితో రెండు గంటలూ పూర్తికావు, నిజమే. కానీ ఇవి తెగకుండా ఉంటే క్లాసుకు వెళ్లినప్పుడు కొత్త మనిషిలా వెళ్లరు, క్లాసు ఎగ్గొట్టాలన్న కోరిక కూడా తగ్గుతుంది.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైన పద్ధతి ఒకటుంది, అది పనిలోనే జరిగిపోతుంది. జర్మన్‌లో ఇరవై దాటిన అంకెలు తిరగేసి చెబుతారు. 38 అనాలంటే ముందు ఎనిమిది, తర్వాత ముప్పై: ఆఖ్ట్‌ఉంట్‌డ్రైసిష్. 83 అయితే డ్రైఉంట్‌ఆఖ్ట్‌సిష్. చెవికి అలవాటు లేకపోతే 38 విని 83 రాసేస్తారు. ఏ2 వినికిడి పరీక్షలో అది ఒక మార్కు. వార్డులో అయితే మందు మోతాదు, పల్స్, బీపీ. ఏ పుస్తకంలో ఎన్ని అభ్యాసాలు చేసినా ఈ తిరకాసు పోదు, వేలసార్లు నోట పలికితేనే పోతుంది. ఆ వేలసార్లు మీ చేతుల్లోనే ఉన్నాయి. ఒక రౌండులో ఇరవై మంది పేషెంట్ల వైటల్స్ చూస్తారనుకోండి. బీపీలో పైదీ కిందదీ, పల్స్, టెంపరేచర్, ఆక్సిజన్, రెస్పిరేషన్ కలిపి ఒక్కొక్కరికి ఆరు అంకెలు. చార్టులో రాసేటప్పుడు పెదవి కదిలీ కదలనట్టుగా ఆ అంకెను జర్మన్‌లో అనుకోండి. 138 కనపడగానే హుండర్ట్‌ఆఖ్ట్‌ఉంట్‌డ్రైసిష్. 38.2 జ్వరం ఉంటే ఆఖ్ట్‌ఉంట్‌డ్రైసిష్ కొమ్మా ట్స్‌వై; మనం పాయింట్ అనే చోట వాళ్లు కామా అంటారు. ఒక్క రౌండులో నూట ఇరవై అంకెలు పలికినట్టు. ముందు చార్టులో అంకె సరిగ్గా రాసి, ఆ తర్వాతే జర్మన్‌లో అనుకోవాలి, పేషెంట్ పనిలో పరధ్యానం కూడదు. నెల తిరిగేలోపు అంకెలు తడుముకోకుండా రావడం మొదలవుతుంది. ఇందులో వాయిదా వేయడానికి ఏమీ లేదు. బీపీ చూడటాన్ని ఎవరూ రేపటికి పెట్టరు గదా.

అంకెలు నోట పలకడం అలవాటయ్యాక వాక్యాలకు రండి. డ్యూటీ దిగి లాకర్ దగ్గర నిలబడ్డప్పుడు ఫోన్లో రికార్డర్ పెట్టి, ఆ రోజు చూసిన ఒక్క పేషెంట్ గురించి మూడే మూడు వాక్యాలు చెప్పండి. డెర్ పాట్సియెంట్ హాట్ ష్మెర్ట్‌సెన్, రోగికి నొప్పి ఉంది. ఎర్ హాట్ గూట్ గెష్లాఫెన్, బాగా నిద్రపోయాడు. కైన్ ఫీబర్, జ్వరం లేదు. ఇది ఏ1, ఏ2 వాళ్లకు అందేదే. పేరు, బెడ్ నంబరు, మనిషిని గుర్తుపట్టే వివరం ఏదీ రికార్డింగులో రాకూడదు. పేషెంట్ గోప్యత చదువు కోసమైనా సడలించే విషయం కాదు, జర్మనీలో ఈ విషయంలో మరీ పట్టుగా ఉంటారు. మరుసటి రోజు కొత్తది రికార్డు చేసేముందు నిన్నటిది ఒకసారి వినండి. తప్పు మీకే వినపడుతుంది. వినపడిన ఒక్క తప్పు సరిదిద్ది ఈ రోజు వాక్యాల్లో వాడండి, మిగతావి వదిలేయండి.

మూడు వాక్యాలే అనడానికి కారణం ఉంది. తప్పు మాట్లాడితే కలిగే ఆ చిన్నతనాన్ని మొత్తంగా తప్పించుకోలేం, చిన్న చిన్న మోతాదుల్లో రోజూ తీసుకుని అలవాటు చేసుకోవాలి. మొదటిసారి కాన్యులా పెట్టినప్పుడు మీ చేయి వణికే ఉంటుంది. పుస్తకంలో నరాల బొమ్మ పూర్తిగా కంఠతా వచ్చాకే సూది పట్టుకుంటానని ఎవరైనా అని ఉంటే ఇప్పటికీ స్టూడెంటుగానే ఉండేవారు. సీనియర్ పక్కన నిలబడితే, వణుకుతూనే పెట్టి, తప్పితే మళ్లీ పెట్టి నేర్చుకున్నారు. వ్యాకరణం మొత్తం వచ్చాక మాట్లాడతాననే మాట కూడా అటువంటిదే. డెర్, డీ, డాస్ తప్పులు బీ2 పాసైనవాళ్లు కూడా చేస్తారు. నామవాచకం నేర్చుకునేటప్పుడే దాని ముందున్న డెర్‌నో డీనో కలిపి ఒకే మాటగా నేర్చుకోండి. మాట్లాడేటప్పుడు గుర్తొచ్చిందే అనండి, ఆగకండి. గోథె పరీక్షల్లో మాట్లాడే భాగానికి మార్కులు వేసేటప్పుడు వ్యాకరణం ఒక్కటే చూడరు. అప్పగించిన పని నెరవేర్చారా, ఎదుటివాళ్లతో మాట కలిపారా, పదాలు, ఉచ్చారణ ఎలా ఉన్నాయనేవి కూడా చూస్తారు.

రికార్డరు ముందు రెండు మూడు వారాలు గడిచాక మనిషి ముందు మాట్లాడాలి. క్లాసులోని అందరి ముందు అక్కర్లేదు, ఒక్కరు చాలు. మీ స్థాయిలోనే ఉన్న, మీలాగే షిఫ్టులు చేసే తోటి నర్సు అయితే మరీ మంచిది. వారానికి రెండుసార్లు పది నిమిషాలు ఫోన్. ఒకరు పేషెంట్, ఒకరు నర్సు. వో హాబెన్ జీ ష్మెర్ట్‌సెన్, ఎక్కడ నొప్పి? జైట్ వాన్, ఎప్పటి నుంచి? ఇష్ మెస్సె యెట్స్ట్ ఈరెన్ బ్లూట్‌డ్రుక్, ఇప్పుడు మీ బీపీ చూస్తాను. మాట అర్థం కాకపోతే తెలుగులోకి దిగిపోకుండా నోఖ్ ఐన్‌మాల్, లాంగ్‌జామ్, బిట్టె అనండి. ఇంకోసారి, మెల్లగా, దయచేసి అని. ఈ ఒక్క వాక్యం నోట నానితే భయం సగం పోతుంది. అర్థం కానప్పుడు ఏం చేయాలో తెలియకపోవడమే ఆ భయంలో సగం.

ఇళ్లల్లో మాట్లాడుకోవడానికి చోటు ఉండదని చాలామంది ఆడవాళ్లు అంటారు. అది నిజమైన ఇబ్బందే. అత్తమామలు హాల్లో ఉంటారు, పిల్లలు నవ్వుతారు, ఒక్కర్తీ గొణుక్కుంటోందని అంటారు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని డాబా మీదో, బస్సు కిటికీ పక్కనో మాట్లాడితే ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోందనే అనుకుంటారు, ఎవరూ తిరిగి చూడరు. పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే వాళ్ల చేతికే పదాల చీటీలిచ్చి అడగమనండి. అమ్మకు పరీక్ష పెట్టే అవకాశం పిల్లలెవరూ వదులుకోరు. భర్తకు, అత్తగారికి మాత్రం ముందే స్పష్టంగా చెప్పుకోవాల్సింది ఒకటుంది. ఇది సరదాకి నేర్చుకునేది కాదని, ఇన్ని నెలల్లో ఫలానా పరీక్ష రాయాలని, ఆ గంటలో వంటింటి పని మరొకరు చూడాలని. ఇది చెప్పలేక, ఇంటి పని అయ్యాక మిగిలిన ఓపికతో చదవబోయి, ఆ ఓపిక ఏనాడూ మిగలక ఆగిపోయినవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అక్కడ వాయిదా వేసింది వాళ్లు కాదు, ఆ ఇల్లు.

తెలుగువాళ్లకు జర్మన్‌లో కలిసొచ్చే విషయాలున్నాయి, అడ్డొచ్చేవీ ఉన్నాయి. మనకు హ్రస్వం, దీర్ఘం తేడా చిన్నప్పటి నుంచీ తెలుసు. జర్మన్‌లో అది ప్రాణం: బెట్ అంటే మంచం, బేట్ అంటే పూలమడి. ఇక కారణం చెప్పే ఉపవాక్యాల్లో క్రియ చివరికి పోతుంది. వైల్ ఇష్ మ్యూడె బిన్ అన్నప్పుడు ‘బిన్’ చివర వస్తుంది, మన వాక్యంలో క్రియ చివర వచ్చినట్టే. ఇంగ్లిష్ మీదుగా అనువదించుకునేవాళ్లే ఇక్కడ తికమక పడతారు. తెలుగులోంచి నేరుగా ఆలోచిస్తే ఇది తేలిక. అడ్డొచ్చేదేమిటంటే, మన మాటలన్నీ దాదాపు అచ్చుతో ముగుస్తాయి. బస్సు, బుక్కు అన్నట్టే బ్లూట్‌డ్రుక్కు అంటాం. జర్మన్‌లో పదం చివర అనవసరంగా చేరిన ఆ ఉకారం, అకారం వినేవాళ్లను తికమక పెడుతుంది, ఎందుకంటే వాళ్లకు పదాంతంలో ఉండే చిన్న ‘ఎ’, ‘ఎన్’ ధ్వనులు వ్యాకరణాన్ని చెబుతాయి. రికార్డింగు వినేటప్పుడు మొదటి నెలంతా ఈ ఒక్కదాన్నే వేటాడండి.

పదాలు గుర్తుండవనేది తర్వాతి ఫిర్యాదు. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు తన మీదే ప్రయోగాలు చేసుకుని, అర్థంలేని అక్షరాల గుంపులను ఎంత త్వరగా మరిచిపోతామో 1885లో పుస్తకంగా ప్రచురించాడు. నేర్చుకున్న మొదటి గంటల్లోనే చాలా భాగం జారిపోతుంది, మధ్యమధ్య గుర్తు చేసుకుంటే జారడం నెమ్మదిస్తుంది. దీన్నే పని పద్ధతిగా మార్చి సెబాస్టియన్ లైట్నర్ 1972లో చీటీల పెట్టె గురించి రాశాడు. గుర్తున్న చీటీ వెనక అరలోకి పోతుంది, దాన్ని ఆలస్యంగా చూస్తాం. మరిచిపోయిన చీటీ ముందు అరలోకి వస్తుంది, రేపే చూస్తాం. ఆంకీ అనే యాప్ ఇదే పని ఫోన్లో చేస్తుంది. అయితే షిఫ్టు ఉద్యోగులకు ఇందులో ఒక ఉచ్చు ఉంది. నాలుగు రోజులు నైట్లు పడి యాప్ తెరవకపోతే ఐదో రోజు మూడు వందల చీటీలు ఎదురుచూస్తుంటాయి. వాటిని చూడగానే యాప్ మూసేస్తాం, మరో వారం తెరవం. ముందే రోజుకు కొత్త పదాలు ఏడో ఎనిమిదో దాటకుండా కట్టడి చేసుకోండి, పేరుకున్న పాతవాటిలో రోజుకు నలభైకి మించి చూడకండి. మిగిలినవి ఉండనివ్వండి. నైట్ డ్యూటీ దిగి వచ్చిన ఉదయం కొత్త పాఠం జోలికి పోవద్దు, ముందు నిద్రపోండి. నేర్చుకున్నది మెదడులో కుదురుకోవడానికి నిద్ర కావాలి. నిద్ర చంపుకుని చదివింది రెండుసార్లు నష్టం.

పరీక్ష తేదీ సంగతికొద్దాం. తయారయ్యాక ఫీజు కడదామనుకుంటే ఆ రోజు రాదు. ముందుగా కట్టేస్తే భయం. రెండింటికీ మధ్య దారి ఉంది. డాన్ ఏరియలీ, క్లాస్ వెర్టెన్‌బ్రోక్ 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక పనికి చివర్లో ఒకే గడువు ఇచ్చినప్పుడు ఫలితం బాగా పడిపోయింది. ఎవరి గడువులు వాళ్లే పెట్టుకున్నప్పుడు కొంత మెరుగు. బయటివాళ్లు సమానమైన ఎడంతో గడువులు పెట్టినప్పుడు అన్నిటికంటే బాగుంది. అందుకే మీ గడువులు మీరు పెట్టుకోకండి, టీచరునో ఫోన్ స్నేహితురాలినో పెట్టమనండి. ఆదివారం రాత్రికి నలభై మాటల ఉత్తరం ఒకటి, బుధవారానికి ఒక రికార్డింగు. పంపకపోతే వాళ్లు అడగాలి. పెద్ద పరీక్షను కూడా ముక్కలు చేసే వీలుంది. గోథె బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ విడివిడి భాగాలు. ఒక్కోదానికి 100 మార్కులు, 60 వస్తే ఆ భాగం పాస్. తప్పిన భాగాన్ని మాత్రమే మళ్లీ రాయొచ్చు. బీ2లోనూ అంతే. ఏ1, ఏ2లకు ఈ సౌకర్యం లేదు, మొత్తం ఒకేసారి రాయాలి. ఒక్కటి తప్పితే అంతా పోతుందనే భయంతో బీ1 తేదీని జరుపుకుంటూ పోతున్నవాళ్లకు ఈ సంగతి తెలిస్తే గుండె కొంత తేలికవుతుంది. నర్సింగ్ రంగానికే ప్రత్యేకంగా టెల్క్ సంస్థ బీ1·బీ2 ప్ఫ్లేగె పరీక్ష కూడా పెడుతుంది. మీరు వెళ్లే చోట ఏ సర్టిఫికెట్ చెల్లుతుందో మాత్రం డబ్బు కట్టే ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఇంత జాగ్రత్తపడినా మధ్యలో తెగుతుంది. డెంగ్యూ సీజన్ వస్తుంది, వార్డులు నిండిపోతాయి, నెల్లాళ్లు పుస్తకం ముట్టరు. అప్పుడు నూటికి తొంభై మంది చేసే పని ఒకటుంది, అది మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టడం. మొదటి పాఠం తేలిగ్గా ఉంటుంది, సంతోషంగా ఉంటుంది, ఐదో పాఠం దాకా వచ్చేసరికి ఇంకో అంతరాయం. ఏ1 పుస్తకంలో మొదటి మూడు పాఠాలు నలిగిపోయి, మిగతావి కొత్తగా మెరుస్తుంటే అది ఇలా పదేపదే మొదలుపెట్టిన పుస్తకమే. వెనక్కి వెళ్లకండి. ఆగిన పాఠం నుంచే ఎత్తుకోండి. మొదటి మూడు రోజులు పాత పదాలు, పాత రికార్డింగులు వినడం, నాలుగో రోజు ఆగిన పేజీ. అర్థం కానిచోట మాత్రమే వెనక పాఠం తిప్పి చూసుకోండి.

తెగినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఓదార్చడానికి చెబుతున్న మాట కాదిది. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థులను పరిశీలించి మైకేల్ వోల్, పిచిల్, షానన్ బెనెట్ 2010లో రాశారు. మొదటి పరీక్షకు చదవకుండా వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తమను తాము తిట్టుకుంటే పుస్తకం చూసినప్పుడల్లా ఆ తిట్టే గుర్తొస్తుంది, పుస్తకం ఇంకా దూరమవుతుంది. మీ జూనియర్ ఒక పొరపాటు చేస్తే మీరెలా మాట్లాడతారో మీతో మీరు అలాగే మాట్లాడుకోండి. జరిగిందేమిటి, ఇప్పుడు చేయాల్సిందేమిటి. అంతకు మించి అక్కర్లేదు.

చివరిగా, ఎవరూ ముందుగా చెప్పని ఒక ఖాళీ గురించి. బీ2 చేతికొచ్చాక కాగితాల పని మొదలవుతుంది. సర్టిఫికెట్ల అనువాదాలు, గుర్తింపు దరఖాస్తు, వీసా అపాయింట్‌మెంట్, ఇవన్నీ నెలల తరబడి సాగుతాయి. పరీక్ష అయిపోయిందన్న నిశ్చింతలో ఆ నెలల్లో జర్మన్ పక్కన పడిపోతుంది. కష్టపడి సంపాదించిన భాష అక్కడికి చేరేసరికి సగం తుప్పు పట్టి ఉంటుంది. జర్మన్ ప్రసార సంస్థ డాయిచ్ వెలె మెల్లగా చదివే వార్తలను ఉచితంగా వినిపిస్తుంది, అవి బస్సులో వినండి. లాకర్ దగ్గర మూడు వాక్యాలు మానకండి, ఇప్పుడు అవి పూర్తి హ్యాండోవర్ అంత కావాలి. మీకు పోస్టింగు ఏ ఊళ్లో వచ్చిందో తెలిసిన రోజే ఆ ప్రాంతం యాస వినడం మొదలుపెట్టండి. బవేరియా అయితే నమస్కారమే వేరుగా ఉంటుంది, గ్రూస్ గోట్ అంటారు. మీరు చూసుకోబోయే పెద్దవాళ్లలో చాలామంది మాట్లాడేది పుస్తకాల జర్మన్ అయి ఉండదు. ఆ ఊరి రేడియో ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, రాత్రి వంట చేసుకునేటప్పుడు పెట్టుకుంటే చాలు.